నలభై ఒకటో నంబరు

నా పుస్తకానికి ముందుమాట లేదు. ఎందుకు లేదని ఇప్పటికీ అడుగుతుంటారు. రాసేవాళ్ళు దొరక్క కాదు, నేనే వదులుకున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. బోధన్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. మా వీధిలో ఆడవాళ్ళందరూ బీడీలు చేసేవాళ్ళే, మా అవ్వతో సహా. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. ఒళ్ళో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి తంబాకు నింపి చుట్టుకుంటూ వాళ్ళు చెప్పుకున్న బతుకు ముచ్చట్లను నాలుగేళ్ళు నోట్‌బుక్కుల్లోకి ఎక్కించాను. వాటితో సొంతంగా పుస్తకం వేద్దామనుకున్నాను. నాకు ఒక్కటే పట్టుదల. ప్రతి మాట పక్కన చిన్న నంబరు ఉండాలి, పుస్తకం చివర ఆ నంబరు దగ్గర ఆ మాట చెప్పిన మనిషి పేరు, ఇల్లు, ఏ సందర్భంలో చెప్పిందో ఉండాలి. పండితుల మాటలకు అట్లాగే వేస్తారు కదా, మా వాళ్ళ మాటలకు ఎందుకు వేయకూడదు?

పేరంటే నాకు అంత పట్టింపు ఎందుకో చెప్పాలి. కార్ఖానావాళ్ళు పనివాళ్ళ పేరు మీద ఇచ్చే కార్డు మా అవ్వకు లేదు. కార్డు మా మేనత్తది. ఒకరి కార్డు మీద ఇంకొకరు చేసివ్వడం మా దగ్గర మామూలే. అవ్వ చుట్టిన బీడీలన్నీ ఏళ్ళ తరబడి మేనత్త పేరు మీదే పోయాయి. కార్ఖానాలో లెక్క రాసే ముంషీ ఆ పేరు పిలిస్తే అవ్వ కట్టలు పట్టుకొని లేచేది. చిన్నప్పుడు అవ్వకు రెండు పేర్లున్నాయనుకునేదాన్ని. అది తప్పని తెలిసిన రోజు చాలా ఏడ్చాను.

టైపింగు నిజామాబాద్‌లో బస్టాండు దగ్గర ఒక డీటీపీ షాపులో చేయించాను. ఆపరేటర్ అన్న ఒకప్పుడు సైన్‌బోర్డులు రాసేవాడట, ఇప్పుడు పెళ్ళికార్డుల పని. ఇటువంటి పుస్తకం ఎన్నడూ చేయలేదు. లోపలి నంబర్లన్నీ ఒక్కొక్కటిగా చేత్తో కొట్టి చిన్నవి చేసి పైకి జరిపాడు. చివరి జాబితాకు మాత్రం నంబర్లు కంప్యూటరే వేసుకునేట్టు పెట్టాడు. మొత్తం నూట పద్దెనిమిది. చూసి మురిసిపోయాను. ఆ రెండింటికీ ఒకదానితో ఒకటి సంబంధమే లేదని అప్పుడు నాకు తెలియదు.

ముందుమాట రాస్తానని ఒక రిటైర్డ్ లెక్చరర్ మాటిచ్చారు. ఆయన పేరుంటే పుస్తకం నాలుగు చేతుల్లో పడుతుంది, లేకపోతే మా ఇంటి అటక మీదే ఉంటుందని అందరూ అన్నారు. నేనూ నమ్మాను. ప్రూఫు ఆయనకిచ్చాను. ఆయన చదివి, దిద్ది, నాతో ఒక్క మాట చెప్పకుండా నేరుగా షాపుకు పంపించారు. ఆ దిద్దుబాట్లతో తీసిన కొత్త ప్రింటు, ఆయన దిద్దిన ప్రూఫు రెండూ షాపు నుంచి నాకు చేరాయి.

ఆదివారం మధ్యాహ్నం అవ్వ పక్కన కూర్చొని చదివాను. అవ్వకు చదువు రాదు. కానీ ఎవరి మాట ఏదో ఆమెకు తెలిసినంత నాకు తెలియదు. నేను ఒక మాట చదవడం, చివరి పేజీ తిప్పి పేరు చెప్పడం, ఆమె చుట్టడం ఆపకుండా తల ఊపడం. నలభై దాకా బాగానే నడిచింది.

నలభై ఒకటి చదివాను. "కాన్పయిన తొమ్మిదో దినమే చాట ఒళ్ళె పెట్టుకున్న. తొట్టె తాడు కాలివేలికి కట్టుకొని ఊపుకుంటనే చుట్టిన." పేజీ తిప్పి పేరు చదివాను. వీధి చివరింటి ఆమె పేరు.

అవ్వ చేతులు ఆగిపోయాయి. "ఏందే బిడ్డా? ఆమెకు పిల్లలేడున్నరు?"

లేరు. ఒక్క బిడ్డ కోసం ఆమె మొక్కని దేవుడు లేడు. ఈ పుస్తకం అచ్చయి, ఎవరైనా ఆమె ముందే పైకి చదివితే ఆ మనిషి ఏమైపోవాలి? నలభై రెండు చూశాను, తప్పే. నలభై మూడూ తప్పే. ఆఖరికి నూట పద్దెనిమిదికి ఎవరి పేరూ లేదు.

నలభై ఒకటి మా అవ్వది. తొట్టెలో ఉన్నది నేను. లెక్చరర్ గారు దిద్దిన ప్రూఫు తీసి చూశాను. చివరి జాబితాలో అవ్వ పేరును కొట్టేశారు. ఆపరేటర్ అన్న దాన్ని తీసేయగానే కింది పేర్లన్నీ ఒక్కో మెట్టు పైకి జరిగాయి. లోపల చేత్తో కొట్టిన నంబర్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. డెబ్బై ఏడు మాటలు ఒకరివి ఇంకొకరికి పోయాయి.

మర్నాడు బడికి సెలవు పెట్టి నిజామాబాద్ బస్సెక్కాను. ముందు లెక్చరర్ గారింటికే పోయాను.

"సొంత తల్లి మాటకు సొంత బిడ్డ సాక్ష్యమేందమ్మా? తొట్టెలున్న పిల్లకు ఏం తెలుస్తది? చదివినోళ్ళు నవ్వుతరు" అన్నారు. "అసలు గా పేర్లన్ని అవసరమా? 'కొందరు కార్మికులు' అని రాస్తె సరిపాయె."

"నవ్వనియ్యండి సార్. తొట్టె ఊగిందనడానికి నాకన్నా సాక్ష్యం ఎవరు?" అన్నాను. "పేర్లుంటేనే పుస్తకం ఉంటది."

"అయితె నా ముందుమాట ఉండది."

"సరే సార్" అని చెప్పులేసుకున్నాను. మెట్లు దిగుతూ భయపడ్డానని ఒప్పుకుంటాను. కానీ వెనక్కి తిరగలేదు.

అవ్వ పేరు తిరిగి పెట్టడమే కాదు, రేపు ఎవరు ఒక పేరు తీసినా మిగతావి తప్పిపోకుండా నంబర్లన్నీ మళ్ళీ చేయమంటే, షాపులో ఆపరేటర్ అన్న తల గోక్కున్నాడు. "గా ఒక్క పేరు మల్ల పెడ్తె అయిపాయె కదక్కా. మొత్తం మల్ల చేసుడంటె నాతోని గాదు, పెండ్లిళ్ళ సీజను. నీకంత పంతముంటె నువ్వే కూసో."

కూర్చున్నాను. మౌసు పట్టుకోవడమే కొత్త. మెనూలన్నీ వెతగ్గా వెతగ్గా ఎండ్‌నోట్ అనేది ఒకటి కనబడింది. మాట దగ్గర దాన్ని పెడితే లోపలి నంబరు, చివరి నంబరు రెండూ ఒకేసారి పుడతాయి, ఒకదాన్ని కదిలిస్తే రెండోదీ కదులుతుంది. మొదట అది i, ii, iii అని ఇంగ్లీషు అక్షరాలతో నంబర్లేస్తే, మా తెలుగు ఫాంటులో అవి అర్థం లేని ఒత్తులూ దీర్ఘాలూ అయ్యాయి. ఆపరేటర్ అన్న పడీపడీ నవ్వాడు. అంకెలుగా మార్చడానికే ఒక పూట పట్టింది. బడి అయ్యాక బస్సెక్కి పోయి, పన్నెండు రోజులు కూర్చొని నూట పద్దెనిమిదీ పెట్టాను. నలభై ఒకటి పెట్టిన రోజు ఆయన తన పని ఆపి వచ్చి నా వెనక నిలబడ్డాడు. "ఇగ తీస్తె గూడ తప్పిపోదక్కా" అన్నాడు. "తీస్తె కదా" అన్నాను.

ప్రెస్సులో ఇంకో చిక్కొచ్చింది. ముందుమాటకని వదిలిన రెండు పేజీలు ఖాళీగా మిగిలాయి. వాటిని తీసేస్తే పదహారేసి పేజీలు ఒక ఫారంగా అచ్చేసే లెక్క చెడుతుంది, ఏదైనా ప్రకటన వేసుకోమన్నారు. నేను ఆ రెండు పేజీల్లో చెప్పినవాళ్ళందరి పేర్లూ వేయించాను. మొదటి పేరు మా అవ్వది. కావాలనే వేశాను. నవ్వేవాళ్ళు మొదటి పేజీలోనే నవ్వుకొని లోపలికి రావచ్చు.

అచ్చయిన పుస్తకం తెచ్చి అవ్వ చాటలో ఆకుల మీద పెట్టాను. కొంగుకు చేతులు తుడుచుకొని ఆ పేజీ తెరవమంది. తంబాకుకు పచ్చబడ్డ వేలిని ఆమె పేరు కింద నేనే పెట్టాను.

ఆ అక్షరాల మీద వేలు అటూ ఇటూ జరిపింది.

"కార్డు మీది పేరు గాదు గదా?"

"కాదవ్వా. నీదే."

"మల్లొకసారి సూడు."

మళ్ళీ చూశాను.