వెనక తలుపు రబ్బరు

అతన్ని ఊళ్ళో అందరూ స్టిక్కరు సారనే పిలుస్తారు. మునిసిపాలిటీలో పాతికేళ్ళుగా అతని పని ఒకటే. రోడ్ల పక్కన దిక్కూమొక్కూ లేకుండా పడి ఉన్న బళ్ళను వెతికి పట్టుకుని, అద్దం మీద పసుపు రంగు స్టిక్కరు అంటించడం. స్టిక్కరు పడిన పదిహేనో రోజున క్రేను వచ్చి బండిని యార్డుకు ఎత్తుకుపోతుంది. అక్కడ ఓ నెల ఎండకు ఎండి, ఆపైన ప్రెస్సులో పడి, ట్రంకుపెట్టెంత ముద్దయి బయటికొస్తుంది. ఇలాంటి పాడు పనికి పాత కార్లంటే ప్రాణం పెట్టే మనిషే దొరకాలా అంటే, దొరికాడు మరి.

దీపం మీది అద్దం ముక్క చాలు, అది ఏ బండిదో, ఏ ఏడాదిదో చెప్పేసేవాడు. మనమంతా రోజూ నడిచే దారుల్లోనే అతనికి ఏవేవో కనబడేవి. పిండిమర వెనక కోళ్ళ గూడుగా వాడుతున్నది నిజానికి ఒకప్పటి షోకైన కారని అతనే కనిపెట్టాడు. చాకలాయన నీళ్ళ తొట్టి మీద మూతగా పెట్టుకున్న రేకు ఎప్పుడో మూతబడిన కంపెనీ వాళ్ళ బానెట్టు. బడి గోడ పక్క తీగల్లో మునిగిపోయిన వ్యానును ఆరేళ్ళు చూసి చూసి, ఒక వేసవిలో ఆకులు రాలాక పేరు తేల్చాడు. చూసిన ప్రతిదాన్నీ ఒక డైరీలో రాసుకునేవాడు. రంగు, ఏడాది, ఏమేం మిగిలాయి, అంతే. అమ్ముతారా అని ఎవర్నీ అడగలేదు, ఒక్క నట్టు కూడా ఇంటికి తెచ్చుకోలేదు.

"రోడ్డు మీద పోయే ఆడవాళ్ళని చూసినా ఓ అర్థముంది. తుప్పు పట్టిన బండికి కళ్ళప్పగించే మొగుణ్ణి నేనెక్కడా చూళ్ళేదండీ," అని భార్య దెప్పేది. అతను నవ్వేవాడు.

ఉద్యోగంలో మాత్రం ముక్కుసూటి మనిషి. సొంత బావమరిది వ్యాను మెకానిక్కు షెడ్డు ముందు నాలుగు నెలలు కదలకుండా ఉంటే దానికీ అంటించాడు. ఆ బావమరిది ఇప్పటికీ గడప తొక్కడు. అలాంటివాడు పాతికేళ్ళలో ఒకే ఒక్క బండికి స్టిక్కరు వేయకుండా వదిలేశాడు. దాంట్లో ఒక మనిషి ఉన్నాడు. ఆ చలికాలం గట్టెక్కడం, ఎక్కకపోవడం ఆ మనిషికి ఈ స్టిక్కరు మీదే ఆధారపడి ఉంది. ఆ సంగతి అప్పుడే తెలిసి ఉంటే బాగుండేదని నేను అనలేను, ఎందుకంటే అతనికి తెలుసు.

మూతబడ్డ నూలు మిల్లు వెనక గోడకీ కాలువకీ మధ్య ఒక సందు ఉంది. చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున అటు వెళ్ళాడు. టార్పాలిన్ కప్పిన బండి ఒకటి కనబడింది. అంచు పట్టి ఎత్తి చూశాడు. రెండు తలుపుల మధ్య కమ్మీలో సన్నటి గాడి, ఆ గాడిలో ముడుచుకుని పడుకున్న చిన్న రేకు చెయ్యి. బండి మలుపు తిరిగేటప్పుడు ఆ చెయ్యి బయటికొచ్చి దారి చూపిస్తుంది. ఆ రకం కార్లు మొత్తం మీద నాలుగో ఐదో మిగిలి ఉంటాయని అతని అంచనా. జన్మలో ఒకటి చూస్తాననుకోలేదు.

అంతలో వెనక తలుపు తెరుచుకుని, నోట్లో బ్రష్షుతో ఒక ముసలాయన దిగాడు. మన స్టిక్కరు సారు మొదట ఆ తలుపునే చూశాడు. మామూలు తలుపుల్లా కాకుండా వెనక్కి తెరుచుకుంది. మనిషిని ఆ తర్వాత చూశాడు.

"స్టిక్కరేస్తారా సారూ?" అన్నాడు ముసలాయన, బ్రష్షు చేత్తో పట్టుకుని.

"ఈ బండి ఎవరిది పెద్దాయనా?"

"మా అయ్యగారిది. ముప్ఫై ఒక్కేళ్ళు నేనే నడిపాను. ఆయన పోయాక పిల్లలు ఇల్లమ్ముకుని పోయారు. దీన్ని మాత్రం ఎవడూ కొనలేదు. నన్నూ అంతే." అని తన జోకుకు తనే నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది.

స్టిక్కరుకు ముందు ఒక ఫారం నింపాలి. అందులో మొదటి గడి, లోపల ఎవరైనా ఉంటున్నారా అని. ఉంటున్నారు అని రాస్తే రెండు ఫోన్లు చేయాలి. ఒకటి అనాథ శరణాలయానికి, మనిషిని తీసుకెళ్ళడానికి. రెండోది క్రేనుకు, ఆ రోజే బండిని తీసుకెళ్ళడానికి. మనిషి గండం గట్టెక్కితే కారు ప్రెస్సులో పడుతుంది. అతను ఫారం తీశాడు, పెన్ను మూత కూడా తీశాడు. మళ్ళీ పెట్టేశాడు.

"నేనివాళ ఇటు రాలేదు. సరేనా?" అన్నాడు.

ముసలాయన రెండు చేతులూ జోడించాడు. ఎంత మంచివాడివి బాబూ అన్నాడు. ఆ మాటకు మన సారు కాస్త పొంగిపోయాడు కూడా. చూడండి, దయ అనుకున్నాడు దాన్ని!

అప్పట్నించీ రోజూ పొద్దున డ్యూటీ అటునుంచే మొదలయ్యేది. సందు మొదట్లో టీ కొట్టావిడ దగ్గర రెండు గ్లాసులు పట్టుకుని వెళ్ళేవాడు. ఇద్దరూ ముందు సీట్లో కూర్చుని బండి కబుర్లు చెప్పుకునేవాళ్ళు. డ్రైవరుకు ఒక కూతురుంది, పక్క ఊళ్ళో కుట్టుపని చేసుకుంటుంది. ఒకటే గది, అందులో నలుగురు. అయ్యగారి అవుట్‌హౌసులో హాయిగా ఉన్నానని ఆమెకు అబద్ధం చెప్పాడు. స్టిక్కరు సారు అయ్యో అన్నాడు, అని ఊరుకున్నాడు.

ఒక రోజు వెనక సీటు కింద ఇనప కుంపటి కనబడింది. పక్కనే బొగ్గుల సంచి.

"ఇదేంటి? లోపలే వెలిగిస్తున్నావా?"

"చలి ఎముకలు కొరికేస్తోంది సారూ. సాయంత్రం కాసేపు. పొగ ఆ తలుపు సందులోంచి పోతుందిలెండి."

నిజమే, వెనక తలుపు రబ్బరు ఎప్పుడో పొడిపొడిగా రాలిపోయింది. రెండు వేళ్ళు పట్టే సందు. డ్రైవరు దాంట్లో కాగితాలు కూరినా గాలి ఈలేస్తూ వచ్చేది. అప్పుడు సారు ఏమన్నాడో చెప్పనా? "నిప్పురవ్వ సీటు మీద పడనీయకు పెద్దాయనా, అది అసలు తోలు, మళ్ళీ దొరకదు," అన్నాడు. ఆ తర్వాత సందు దగ్గరికి వంగి, వాన పడితే నీళ్ళు దిగి నేల రేకు తుప్పు పడుతుందని బెంగపడ్డాడు. ముసలాయన దగ్గు అతని చెవుల్లోనే ఉంది. కళ్ళు మాత్రం రేకు మీద ఉన్నాయి.

యార్డులో వెతగ్గా వెతగ్గా ఒక పాత లారీ తలుపుకు అదే కొలత రబ్బరు దొరికింది. పాతికేళ్ళలో యార్డు నుంచి అతను తెచ్చిన మొదటి వస్తువు అది. ఇద్దరూ కలిసి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుని, గాడి గీకి శుభ్రం చేసి, నల్ల జిగురు రాసి, అంగుళం అంగుళం అతికించారు. తలుపు వేస్తే దభీమని మోగాల్సింది మెత్తగా మూసుకుంది. ఆ శబ్దం వినడానికి సారు నాలుగుసార్లు తెరిచి మూశాడు.

"గాలి కూడా దూరదిక!" అన్నాడు గర్వంగా.

"మీ కడుపు చల్లగా ఉండాలి సారూ. ఇవాళ వెచ్చగా పడుకుంటాను," అన్నాడు ముసలాయన.

ఆ రాత్రి వాన పడింది. పొద్దున్నే సారు రెండు టీ గ్లాసులతో వెళ్ళాడు. అద్దాల నిండా లోపల్నుంచి ఆవిరి పట్టి ఉంది. తట్టాడు, పలకలేదు. మంచి నిద్రలో ఉన్నాడనుకుని మెల్లగా తలుపు తీశాడు. ముందు వంగి కింద పరిచిన చాప తడిమాడు. పొడిగా ఉంది, చుక్క నీరు దిగలేదు. హమ్మయ్య అనుకున్నాడు. ఆ తర్వాతే మనిషిని లేపబోయాడు.

ముసలాయన మోకాళ్ళు ముడుచుకుని పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. బుగ్గలు ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నట్టున్నాయి. చెయ్యి పట్టుకుంటే కొయ్యలా ఉంది. కుంపటిలో బూడిద. అప్పుడు గానీ మన సారుకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కాలువ గట్టు మీద కూలబడ్డాడు, టీ గ్లాసులు ఎక్కడ పడ్డాయో తెలియదు. రబ్బరు లేనన్నాళ్ళూ ఆ సందే ఆయన్ని బతికించింది. దాన్ని మూసింది తనే. వాన నీళ్ళ నుంచి రేకును కాపాడటానికి, మనిషికి ఊపిరి అందే దారి మూసేశాడు.

పోలీసులు వచ్చారు, శవాన్ని తీసుకెళ్ళారు. కుంపటి పొగ అని డాక్టరు రాశాడు. రబ్బరు మాట ఎవరూ ఎత్తలేదు, ఎందుకు ఎత్తుతారు, కొత్త రబ్బరు వేయడం నేరమా? మర్నాడు ఆఫీసరు ఫారం నింపమన్నాడు. లోపల ఎవరైనా ఉంటున్నారా అన్న గడిలో లేరు అని రాశాడు. ఇంటికెళ్ళి డైరీ తీసి పొయ్యిలో పెట్టాడు. నాలుగు రోజులు అన్నం సయించలేదు.

అయిదో రోజు డ్రైవరు కూతురు ఆఫీసుకు వచ్చింది. బండిలో దొరికిన బట్టలు, దువ్వెన, పాత డ్రైవరు కోటు సంతకం పెట్టి తీసుకోవాలి. నలభై ఏళ్ళుంటాయి, వేళ్ళ చివర్లన్నీ సూది గుచ్చుకున్న గాట్లు. కోటును ఒళ్ళో పెట్టుకుని, దారం ఊడిన గుండీని తడుముతూ కూర్చుంది.

"నిద్రలోనే పోయాడన్నారు పోలీసులు. ఇంకేం చెప్పలేదు," అంది. "టీ కొట్టావిడ చెప్పింది, మీరొక్కరే పట్టించుకున్నారటగా నాన్నని. తలుపుకేదో రబ్బరు కూడా వేయించారట. మా ఇంట్లో చోటు లేదనే కదా అన్నయ్యా ఆయన మాకు చెప్పలేదు. నాకు ఒక్కటే బాధ. చలికి వణికి వణికి పోయాడేమోనని."

చెప్పేయాలనుకున్నాడు. ఒక్క ఫోను చేసుంటే మీ నాన్న ఇవాళ శరణాలయంలో మంచం మీద దగ్గుతూ ఉండేవాడమ్మా, నేను కారును చూసుకున్నాను అని చెప్పేయాలనుకున్నాడు. ఆమె మొహం చూస్తే మాట మారిపోయింది.

"లేదమ్మా. లోపల వెచ్చగానే ఉంది," అన్నాడు.

ఆమె బావురుమంది. లేచి వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. అతని గోళ్ళ సందుల్లో నల్ల జిగురు ఇంకా వదల్లేదు. అతను చేతులు వెనక్కి లాక్కోలేకపోయాడు.