సేత్తూరు నల్లబియ్యం, మావారి సూది భయం

మావారికి చక్కెర వ్యాధి వచ్చి ఆరేళ్లయింది. పోయిన నెల డాక్టరుగారు "మాత్రలకు లొంగడం లేదు, ఇన్సులిన్ సూది మొదలుపెడదాం" అన్నారు. సూది పేరు చెబితే చాలు, మావారికి ముచ్చెమటలు పోస్తాయి. ఆ రోజు నుంచి ఆయనకు ఫోనే వైద్యుడు. ఒక వీడియోలో, తమిళనాడులో రాజపాళయం దగ్గర సేత్తూరు రైతు ఒకాయన నల్లబియ్యం తిని చక్కెరను జయించారని చెప్పారు. ఆయన బస్తా భుజాన పెట్టుకుని నవ్వుతున్నారు. "ఆ బియ్యం తెచ్చుకుంటే సూదీ వద్దు, మాత్రా వద్దు" అని మావారి తీర్మానం. నాకు గట్టిగా వాదించడం చేతకాదు. మాత్రలు నా చేతిసంచిలో వేసుకుని బయలుదేరాను.

చిత్తూరు నుంచి వచ్చి మదురైలో ఒక రాత్రి ఉన్నాం. పొద్దున తొమ్మిదిన్నరకు మాట్టుత్తావణి బస్టాండులో రాజపాళయం బస్సు దొరికింది. టికెట్టు మనిషికి వంద లోపే, ప్రయాణం రెండున్నర గంటలు. దారిలో శ్రీవిల్లిపుత్తూరు గోపురం కనబడగానే ఆండాళమ్మకు మొక్కి, "ఈయన మాత్ర వేసుకునేట్టు చూడు తల్లీ" అన్నాను. మావారు విని కూడా కిటికీ వైపు తిరిగారు. ఉదయం మాత్ర అప్పటికే మానేశారు.

రాజపాళయంలో సేత్తూరు షేర్ ఆటో ఎక్కాం. ఆ పక్క ఇళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామందే; డ్రైవరు మా తెలుగు విని వెనక్కి తిరిగాడు. "బయటూరోళ్లా? సక్కరకా, మోకాలికా?"

"చక్కెరకు" అన్నారు మావారు.

"సక్కరకి నల్లబియ్యం. మోకాలికైతే ముడక్కత్తాన్ ఆకు దోసె. రెండూ ఉంటే రెండు దినాలు ఉండాల సార్."

సేత్తూరులో బియ్యం అమ్మే రెంగమ్మగారికి ముందురోజు ఫోను చేస్తే భోజనం కూడా పెడతారు; మేము మదురై నుంచే చేశాం. మేము వెళ్లేసరికి అరటాకులు వేసి ఉన్నాయి. నల్లబియ్యం మెత్తగా ఉడికించి, బెల్లం, కొబ్బరి, నెయ్యి కలిపి వడ్డించారు.

"బెల్లం వేశారా అక్కా?" అన్నాను మెల్లగా.

"బెల్లం లేకుంటే ఈ అన్నం గొంతు దిగుతుందా? పెండ్లికి గూడ ఇదే చేస్తాము. తినండన్నా, బలానికి మందు."

మందు అన్నాక మావారు ఆగుతారా? ఆకు మీద ఖాళీ కనబడితే చాలు, రెంగమ్మగారి గరిటె దిగుతోంది. నా "చాలమ్మా" ఎవరికీ వినబడలేదు. మూడో గరిటె పడేటప్పుడు చేను నుంచి ఆమె భర్త రామసామిగారు వచ్చారు. వీడియోలో బస్తా ఎత్తినాయన! కాళ్లు కడుక్కుని, పీట మీద కూర్చుని, ఒక డబ్బా తెరిచి, బనియను పైకెత్తి పొట్టలో సూది పొడుచుకున్నారు. పొడుచుకుంటూనే "మీ పక్క వాన పడిందా?" అని అడిగారు.

మావారి చేతిలో ముద్ద ఆగిపోయింది. "మీరు చక్కెరను జయించారు కదండీ?"

"ఎవురు చెప్పినారు? ఆ వీడియో తీసినోడు బస్తా ఎత్తమన్నాడు, ఎత్తినాను. నవ్వమన్నాడు, నవ్వినాను. సక్కర సంగతి వాడు అడగనే లేదు!"

"ఈయనకి నేను ఈ తీపి పెట్టను. బెల్లం లేని కంజి, జావ మాదిరి, ఒకటే గిన్నె" అన్నారు రెంగమ్మగారు.

"మరి నాకు మూడుసార్లు పెట్టారే!"

"మీకు సక్కరుందని చెప్పినారా? సుట్టాలొస్తే పెట్టకుండా ఉంటామా?"

మావారు గొంతు తగ్గించి, "నొప్పి లేదా?" అని అడిగారు.

"చేన్లో ముల్లు గుచ్చుకున్నంత గూడ లేదు. చూడండి" అని రామసామిగారు సూది చూపించారు. మావారు కళ్లద్దాలు సర్దుకుని, వెంట్రుకంత సన్నటి ఆ సూదిని చాలాసేపు చూశారు. ఆకు మడిచి, నా వైపు అరచెయ్యి చాపారు. "ఆ మధ్యాహ్నం మాత్ర ఇలా ఇవ్వు."

రెండు కిలోల బియ్యం తెచ్చుకున్నాం. గుప్పెడు వండుకుంటే సాయంత్రం దాకా ఆకలి వెయ్యదు. అంతకుమించి అది ఏం నయం చేస్తుందో చెప్పేంత చదువు నాకు లేదు. తిండే మందని మా పెద్దలు చెప్పేవారు గానీ, మందు మానెయ్యమని ఎప్పుడూ అనలేదు. సోమవారం ఆస్పత్రిలో నర్సమ్మ ఇంకా డబ్బా తెరవకముందే, మావారు చొక్కా ఎత్తి, కళ్లు గట్టిగా మూసుకుని సిద్ధంగా కూర్చున్నారు.

మీరు వెళితే ఒక్కటి గుర్తుంచుకోండి: చక్కెర వ్యాధి ఉందనీ, బెల్లం వద్దనీ ఫోను చేసినప్పుడే చెప్పండి. ఆకు మీద పడ్డాక వద్దనడం ఆ ఇంట్లో కుదరదు.