మూతమీద రాయి

“మూడు రోజులుగా ఈ ఉడకని అన్నం పలుకులే నములుతున్నాను. నా పళ్ళేమన్నా తిరగలి రాళ్ళా?” అన్నారు మా ఆయన, కంచం పక్కకి నెట్టి.

“కట్టెలు పచ్చివి. నన్నేం చెయ్యమంటారు?”

“కట్టెలు పచ్చివైతే ఆ ఇంటావిడ పప్పు ఎలా ఉడికిందే? వాసన ఇక్కడిదాకా కొడుతోంది. పోయి ఇంత పెట్టించుకు తింటాను.”

“తినండి. బెజవాడ నుంచి మోసుకొచ్చిన బియ్యం మూట ఏట్లో పారేసి మరీ తినండి.”

పంతొమ్మిదివందల నలభైల్లో మాట. మా ఆయనకి వన్ టౌన్‌లో బట్టల కొట్టు. ఉన్ని శాలువాలు చూసొద్దామని హిమాలయాల్లో ఒక లోయకి బయల్దేరుతూ నన్నూ తీసుకెళ్ళారు. పరాయిచోట తిండి కొనేది లేదని ఏడాది పాత బియ్యం, కందిపప్పు, ఆవకాయ జాడీ నేనే రైలెక్కించాను.

మంచుకొండ చూడమంటే చూశాను. తెల్లగా ఉంది. మా వైపు సున్నం బట్టీ కూడా తెల్లగానే ఉంటుంది, పైగా పనికొస్తుంది. నాకు నచ్చిందల్లా ఒకటే. అక్కడి మగవాళ్ళు నడుస్తూ కూడా ఉన్ని వడుకుతారు. మా వీధి మగవాళ్ళు కూర్చుని కూడా ఏమీ చెయ్యరు.

అంత ఎత్తున అన్నం ఓ పట్టాన ఉడకదని నాకు చెప్పినవాళ్ళు లేరు. నేను చదివింది రెండో తరగతి. మేం దిగిన ఇంటావిడకి తెలుసు. ఆ రోజు సాయంత్రం నేను వండుతుంటే ఏటిగట్టు నుంచి ఒక నున్నటి రాయి తెచ్చి, కడిగి, నా గిన్నె మూతమీద పెట్టింది. తన గిన్నెమీదా అలాంటిదే ఉంది. గంజి వార్చాల్సిన గిన్నెమీద రాయేమిటి, నా వంటకి సమాధి కడుతోందా అని తీసి ఏట్లోకి విసిరేశాను. ఆవిడ నవ్వుకుంటూ పోయింది.

ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టారు. ఆవిడ దగ్గర ఒక్క ముద్ద తిన్నారంటే ఇక నా మూట ముట్టరు. అదీ నా భయం.

“ఒక్క పూట ఆగండి. రేపు పొద్దున కూడా పలుకైతే నేనూ మీతో వచ్చి తింటాను.”

“నువ్వా?”

“ఆవకాయ జాడీ మీద ఒట్టు.”

ఆయన చెప్పులు విప్పారు.

మర్నాడు పొద్దున కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఏట్లో దిగాను. రాయైనా సరే, పరాయివాళ్ళది పోగొట్టకూడదు. కాళ్ళు కొంకర్లు పోతుండగా దాన్ని వెతికి తెచ్చి మూతమీద పెట్టాను. ఆవిరి బయటికి పోక అన్నం ఉడికింది. ఇంటావిడ ఎర్రగింజల పప్పు తెచ్చింది. ఆవిడ కంచంలో ఆవకాయ వేశాను. ముగ్గురం తిన్నాం.