చిన్నబాబుగారి బొడ్డు పోయిన వైనం

కుక్కలకు స్నానాలు చేయించే షాపులో అందరూ ఆమెను సబ్బక్క అంటారు. పదకొండేళ్ళుగా నాలుగో నంబరు తొట్టె ఆమెదే. అంతకు ముందు ఆసుపత్రి దుప్పట్లు ఉతికేది. అక్కడ మిషన్లు వచ్చి ఆమెను సాగనంపితే ఇక్కడికొచ్చి పడింది. "దుప్పట్లు కరవవు, అదొక్కటే తేడా" అంటుంది. కరిచే కుక్కయినా, భయంతో తడిపేసేదైనా, నీళ్ళ చప్పుడికే చచ్చినట్టు పడిపోయే నటన కుక్కయినా సరే, పొట్ట కింద చేయి వేసి ఎత్తి ఆమె తొట్టెలో నిలబెట్టిందంటే ఇక కిక్కురుమనదు.

అలాంటి సబ్బక్క మీద ఒక మంగళవారం పొద్దున్నే ఫిర్యాదు వచ్చింది. కుక్క బొడ్డు పోగొట్టిందట.

ఫిర్యాదు చేసింది బంగళా మేడమ్. కుక్క పేరు చిన్నబాబు. ఆవిడ కన్న కొడుకు పెద్దబాబు. అతను ఇద్దరు పిల్లల తండ్రి అయ్యాడు, అయినా ఆ ఇంట్లో అతనికి తమ్ముడు ఈ కుక్కే. దాన్ని "చిన్నబాబుగారు" అనే పిలవాలని మేనేజరు ఉత్తర్వు. స్నానాలు చేయించే ఆడవాళ్ళను మాత్రం ఆయన "ఏయ్, నాలుగో నంబరూ" అంటాడు.

"వారం నుంచి ఆ బొడ్డుకి నా చేతులతో నేనే క్రీము రాస్తున్నానయ్యా!" మేడమ్ బల్ల మీద చరిచింది. "మొదట్లో మిరియమంత, నల్లగా ఉండేది. నా క్రీముకి రంగు తేలి శనగగింజంత అయింది. మొన్న ఇక్కడ స్నానం చేయించుకొని ఇంటికొచ్చాడు, చూద్దును కదా, బొడ్డు లేదు! రుద్ది రుద్ది ఊడగొట్టేశారు!"

కుక్కకు బొడ్డు ఎక్కడుంటుందో మేనేజరుకు తెలియదు. కానీ 'బొడ్డు చుట్టూ ప్రత్యేక చర్మ సంరక్షణ' అని షాపు పట్టికలో రాయించింది ఆయనే. పసిపిల్లల సబ్బు డబ్బా మీద చూసి ఎక్కించాడు. ఇప్పుడు గబగబా ఒక కాగితం టైపు చేసి తెచ్చాడు.

"సంతకం పెట్టక్కా."

"ఇవాళ అక్కనయ్యానా?" అంటూ సబ్బక్క కాగితం అందుకొని చదివింది. తన అజాగ్రత్త వల్ల చిన్నబాబుగారి బొడ్డు నష్టమైనదనీ, అందుకు తనను పనిలోంచి తీసేసినా అభ్యంతరం లేదనీ ఉంది. అత్తగారి మందులు, కూతురి నర్సింగు చదువు, రెండూ ఆ నాలుగో తొట్టె నీళ్ళ మీదే తేలుతున్నాయి. సంతకం పెడితే అవి మునుగుతాయి. నిజం చెబితే మేడమ్ పరువు మునుగుతుంది, దాంతోపాటు తన పనీ పోవచ్చు. ఎటూ మునకే. అలాంటప్పుడు చెయ్యని తప్పు నెత్తినేసుకోవడం దేనికి?

కాగితం బల్ల మీద పెట్టి లోపలికెళ్ళి, ఒక స్పిరిట్ సీసా పట్టుకొచ్చింది.

"ఇదిగోండమ్మా మీ చిన్నబాబుగారి బొడ్డు. పైన తేలుతోందే, అదే."

మేడమ్ రెండు చేతులా అందుకుంది. కళ్ళకద్దుకోబోయి ఆగింది.

"దీనికి... కాళ్ళున్నాయేంటి?"

"ఎనిమిదమ్మా. గోమారి అది. కుక్క రక్తం తాగి బలిసింది. తల లోపల తెగిపోకుండా పట్టకారుతో నిలువుగా లాగాను."

"నేను దాన్ని రోజూ ముద్దు పెట్టుకున్నానే!"

"పాపం, దానికీ అలవాటైపోయుంటుంది" అంది మూడో తొట్టె దగ్గరి పనామె. మేనేజరు ఉరిమి చూశాడు. ఆమె కుక్క చెవి వెనక దాక్కుంది.

మేడమ్ మూతి తుడుచుకుంది. మరీ మరీ తుడుచుకుంది. "మరి అసలు బొడ్డేది?"

సబ్బక్క చిన్నబాబును వెల్లకిలా పడుకోబెట్టింది. పక్కటెముకలు ముగిసేచోట, కాస్త కిందగా, బొచ్చు చిన్న సుడి తిరిగి ఉంది. దాన్ని పాయ తీస్తే పెసరగింజంత మచ్చ కనిపించింది. చుట్టూ చర్మం ఎర్రగా కందిపోయింది.

"ఇది మీ క్రీము చలవేనమ్మా. ఆపేయండి. గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి తుడవండి, తడి లేకుండా అద్దండి. చాలు. ఎరుపు తగ్గకపోయినా, మెత్తగా ఉబ్బి కనపడినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి."

"బొడ్డంటే గుంటలా ఉండాలి కదా, నాకున్నట్టు?"

"వీళ్ళకి బొడ్డుపేగు తల్లే పళ్ళతో కొరికేస్తుందమ్మా. ఆ మచ్చే ఇది."

"తల్లా? ఎవరది?"

"ఎవరో కుక్కే అయ్యుంటుంది లెండి."

మేడమ్ ముఖం వాడిపోయింది. గోమారిని ముద్దాడిన సంగతైనా దిగమింగుకుంది కానీ, ఈ మాట ఆవిడకు గొంతు దిగలేదు. జాలిపడి సబ్బక్క ఆవిడ వేలు పట్టుకొని మెల్లగా మచ్చ మీద ఆనించింది. మేడమ్ ఉలిక్కిపడింది, మచ్చ తగిలి కాదు, సబ్బక్క చెయ్యి తగిలి.

"ఇదేం చెయ్యి! పెచ్చులు లేచిపోయిందే!"

"మందు షాంపూలమ్మా. వీళ్ళకి అయిదు నిమిషాలు. మాకు రోజంతా."

మేడమ్ సంచిలోంచి క్రీము సీసా తీసింది. "ఎలాగూ వాడికి వద్దన్నావుగా, నువ్వు వాడుకో."

"కుక్కకే పడనిది నాకెందుకమ్మా? మాకు చేతి తొడుగులు కావాలి. నలుగురం రెండేళ్ళుగా అడుగుతున్నాం."

"రబ్బరు వాసన కుక్కలకి పడదు మేడమ్..." మేనేజరు నసిగాడు.

"ఎనిమిది కాళ్ళది పొట్టకి అంటుకుంటే పడిందా? ముందు కొను!"

నలుగురు మనుషులు రెండేళ్ళు మొత్తుకుంటే వినపడని మాట, కుక్క తాలూకు మనిషి ఒక్కసారి కసిరితే వినపడింది. మేడమ్ వెళ్ళాక ఆ కాగితం ఊసు ఎవరూ ఎత్తలేదు. సబ్బక్క నాలుగో తొట్టెలో నీళ్ళు వదిలింది.

సాయంత్రానికి తొడుగులు వచ్చాయి. ఎక్కడ చవగ్గా దొరికాయో ఏమో, ఎనిమిదీ ఎడమచేతివే. సబ్బక్క తోటి ముగ్గురినీ వెంటేసుకొని మేనేజరు గది తలుపు తట్టింది.