తువ్వాలు పేజీ

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. ఒక పేజీని వేలుపెట్టి చూపించి, తప్పు ఇక్కడుంది అన్నాను. అక్కడ తప్పు లేదు. ఆ సంగతి అనేటప్పుడే నాకు తెలుసు. తెలిసి అన్నదాన్ని పొరపాటు అనరు కదా? ఇన్నేళ్ళూ నాలో నేను పొరపాటనే చెప్పుకుంటూ వచ్చాను.

నా పేరు రాయడం లేదు. కొత్తగా వచ్చే కామిక్స్, గ్రాఫిక్ నవలలు చదివే అలవాటు మీకుంటే, మీది గుంటూరు, ఒంగోలు వైపయితే, ప్రతి నెలా ఒకరి ఫోన్ నుంచి ఇంకొకరి ఫోన్‌కి తిరిగే జాబితా మీకూ వచ్చే ఉంటుంది. ఈ నెల ఏం చదవచ్చు, ఏది వదిలేయచ్చు అని అందులో ఉంటుంది. అది రాసేది నేనే. నా మాట నమ్మి మీరూ ఏదో ఒకటి కొనే ఉంటారు. అందుకే మీకు చెబుతున్నాను. ఇంట్లో చెబితే, ఓస్ ఇంతేనా అంటారు. బొమ్మల పుస్తకంలో ఒక పేజీకి ఇంత ఏడుపా అంటారు. మీరు అనరని నా ఆశ.

బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెబుతాను. రెండో ఆదివారం క్లాసులు ఉండవు కాబట్టి మేడ మీద గది మాకిస్తారు. పదిహేను ఇరవై మందిమి కూర్చుని కొత్త పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం. అక్కడ ఒక పద్ధతుంది. ఎవరైనా ఒక పుస్తకం గురించి మంచో చెడో చెప్పాలంటే దాన్ని రెండుసార్లు చదవాలి. మొదటిసారి కథ కోసం, రెండోసారి బొమ్మల కోసం. చెప్పదలచింది చీటీ మీద రాసి, కింద 'రెండుసార్లు చదివాను' అని సంతకం పెట్టాలి. ఆ చీటీనే పుస్తకం అట్ట లోపల అంటిస్తాం. ఈ పద్ధతి పెట్టింది కూడా నేనే. బొమ్మల కథని బఠాణీలు నమిలినట్టు పేజీలు తిప్పేసి తీర్పులిచ్చేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

ఆ అమ్మాయిని ఇక్కడ మణి అంటాను. అసలు పేరు అది కాదు. ప్రత్తిపాడు దగ్గర పల్లె, మిరప వేసే కుటుంబం. అప్పటికి పాతికేళ్ళు ఉంటాయేమో. మా సమావేశాలకి బస్సులో వచ్చేది, వెనక కూర్చునేది, నోరు విప్పేది కాదు. ఒక ఆదివారం అందరూ వెళ్ళిపోయాక నా దగ్గరికి వచ్చి ఒక ఫైలు పెట్టింది. తాను గీసిన కథట. ఎనభై పేజీల పైచిలుకు, విడి కాగితాలు, క్లిప్పు పెట్టి ఉన్నాయి. ఒక్క మాట లేదు, అంతా బొమ్మలే. వాళ్ళ చిన్నమ్మ కథట అది. ఆవిడ పుట్టు మూగ, చెవిటి. చదువు రాదు. మిరప కల్లంలో రంగు పోయిన తాలు కాయలు ఏరుతూ మణిని పెంచింది ఆవిడేనట. చిన్నమ్మ చదవగలిగిన పుస్తకం ఇంతవరకు ఒక్కటీ లేదు సార్, అందుకే మాటలు పెట్టలేదు అని చెప్పింది. విజయవాడలో ఒక చిన్న ప్రచురణకర్త చూశారట. గుంటూరు వాళ్ళు బాగుందంటే వేస్తానన్నారట. గుంటూరు వాళ్ళంటే ఎవరు? నేనే. లోపల నాకు అది బాగానే ఉంది. ఎంత బాగుందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇప్పుడు జరిగింది చెబుతాను. వేసవి, మధ్యాహ్నం. కాగితాలు మంచం మీద పరిచి మొదలుపెట్టబోతుండగా కరెంటు పోయింది. ఉక్కకి తట్టుకోలేక వరండాలోకి వెళ్ళాను. నేను అక్కడుండగానే కరెంటు వచ్చింది. ఫ్యాను అయిదులో ఉంది. వచ్చి చూస్తే మణి చిన్నమ్మ కాగితాలై గదంతా ఎగురుతోంది. అన్నీ ఏరాను. పేజీలకి నంబర్లు లేవు, అచ్చులో వేస్తారని మణి వేయలేదు. ఫోన్ చేసి అడగచ్చు. అడిగానా? లేదు. ఇరవై ఏళ్ళుగా కామిక్స్ చదువుతున్నవాణ్ణి, వరస కట్టలేనా అనుకున్నాను. ఎండ చూసి కట్టాను. నీడలు పొడుగ్గా ఉన్న పొద్దుటి బొమ్మలు పైన, మిట్టమధ్యాహ్నం మధ్యలో, సాయంత్రం కింద. ఒక రోజు కథ అని నాకు నేనే తేల్చేశాను.

చదివితే అర్థం కాలేదు. ఒక పేజీలో తలకి గళ్ళ తువ్వాలు చుట్టుకున్న మనిషి ఎర్రటి కాయలు కోస్తుంది. పక్క పేజీలో తెల్ల గుడ్డ చుట్టుకున్న మనిషి తెగులు సోకి ముడుచుకుపోయిన మొక్కల మధ్య నిలబడి ఉంటుంది. మొహాలు రెండూ ఒకేలా ఉన్నాయి. అక్కాచెల్లెళ్ళా? రెండో మనిషి ఎక్కడినుంచి వచ్చింది? చేలో ఒక పూట పంట, ఒక పూట నాశనం ఏమిటి? చిరాకేసింది. ఆ నెల కొత్త పుస్తకాలు ఇంకా ఆరు ఉన్నాయి నా బల్ల మీద. చీటీ రాసేశాను. 'గీత బాగుంది. కథకి నడక లేదు. ఇద్దరు స్త్రీలెవరో తెలియదు. పేజీకి పేజీకి పొంతన లేదు. చదవమని చెప్పలేను.' కింద 'రెండుసార్లు చదివాను' అని రాసి సంతకం పెట్టాను. ఒక్కసారే చదివాను. అది కూడా సగం నుంచి తిరగేశాను. ఆదివారం చీటీ చదివి వినిపించాను, అందరూ తలలూపారు. వెనక కూర్చుని మణీ వింది. అదే చీటీని విజయవాడకి ఆ సాయంత్రమే పంపించాను.

నాలుగు రోజులకి కాగితాల కోసం వస్తున్నానని మణి ఫోన్ చేసింది. ఇల్లు కాస్త సర్దుదామని మంచం జరిపాను. గోడకీ మంచం కోడుకీ మధ్య ఒక కాగితం ఇరుక్కుని ఉంది.

అందులో ఒకే మనిషి ఉంది. వేపకొమ్మకి చీరతో కట్టిన ఉయ్యాల, అందులో చంటిపిల్ల. చిన్నమ్మ తన తలకున్న గళ్ళ తువ్వాలు విప్పి, ఎండ పడకుండా ఆ ఉయ్యాల మీద కప్పుతుంది. తర్వాత కొంగు నుంచి తెల్లగుడ్డ తీసి తలకి చుట్టుకుంటుంది. అంతే పేజీ. ఇద్దరు ఆడవాళ్ళు కాదు. ఒక్కతే. గళ్ళ తువ్వాలు ఉన్నంతవరకు మణి పుట్టకముందు ఏడాది, పంట పండిన ఏడాది. తెల్లగుడ్డ నుంచి మణి వచ్చాక, పంట పోయిన ఏడాది. ఒక రోజు కాదు, రెండేళ్ళ కథ. మళ్ళీ వరస కట్టాను, ఈసారి తలగుడ్డ చూసి. నేల మీద కూర్చుని మొదటి నుంచి చదివాను. చేను పోయినా, చేతిలో పైసా లేకపోయినా, ఆ మనిషి మొహంలో రెండో ఏడాదే వెలుగు ఉంది. పిల్ల ఉంది కాబట్టి. ఏడ్చాను. దాచుకోవడం దేనికి, వెక్కి వెక్కి ఏడ్చాను. అంత మంచి బొమ్మల కథ తెలుగులో నేను చూడలేదు.

అప్పుడే బెల్లు మోగింది.

మొహం కడుక్కుని తలుపు తీశాను. ఇంకా టైముంది. విజయవాడకి ఒక్క ఫోన్ చాలు. ఫ్యాను గాలికి చెదిరిపోయాయమ్మా, తప్పు వరసలో చదివాను, నన్ను తిట్టు అంటే చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ అలా అంటే చీటీ మీద సంతకం సంగతేమిటి? రెండోసారి చదివి ఉంటే ఒక పేజీ తగ్గిందని తెలిసేది కదా అని ఎవరైనా అడిగితే? ఎవరూ అడగకపోయినా ఆమె అనుకోదా? కాగితాలు సరైన వరసలో పెట్టి, క్లిప్పు పెట్టి చేతికిచ్చాను. మంచినీళ్ళు ఇచ్చాను. తాగలేదు. ఫైలు ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"ఎక్కడ తెగిందో చూపించండి సార్. సరిచేసుకుంటాను."

పేజీలు తిప్పాను. ఏదో ఒకటి చూపించాలి. నా చెయ్యి ఆ తువ్వాలు పేజీ దగ్గరే ఆగింది. ఎందుకు ఆగింది? ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో. నా తప్పుకి సాక్ష్యం అదొక్కటే కాబట్టేమో. అది కథలో లేకపోతే నేను రాసిన చీటీ నిజమైపోతుంది కాబట్టేమో. అంత లెక్క వేశానా అప్పుడు? వేయలేదని చెప్పుకోవాలని ఉంది. చెప్పలేను.

"ఇదిగో, ఇక్కడమ్మా. ఇది కథని ఆపేస్తోంది. తీసేసి చూడు."

ఆమె ఆ పేజీని తన వైపు తిప్పుకుంది.

"చిన్నమ్మకి ఇదొక్కటే చూపించాను సార్. బొమ్మ మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు." తర్వాత క్లిప్పు తీసి ఆ కాగితం బయటికి లాగింది. "మీరు రెండుసార్లు చదివారుగా. మీకు అనిపించిందంటే ఉండే ఉంటుంది."

లేదమ్మా అని ఒక్క మాట అనలేకపోయాను. గుమ్మం దాకా వెళ్ళి సాగనంపాను కూడా.

ఆ పేజీ లేకుండా ఆమె కథని మళ్ళీ విజయవాడకి పంపింది. ఈసారి కథ నిజంగానే తెగింది. ఇద్దరు ఆడవాళ్ళెవరో తెలియడం లేదని వాళ్ళూ అన్నారు. మా గుంపులో చూసినవాళ్ళూ అదే అన్నారు. మీరు ముందే చెప్పారు సార్ అని నాతో అన్నారు. నా మాటకి విలువ పెరిగింది. జాబితా ఇంకా ఎక్కువ మందికి వెళ్ళసాగింది. పుస్తకం రాలేదు. మణి మళ్ళీ ఏదీ మొదలుపెట్టలేదు. ఇప్పుడు స్కూలు గైడ్లకి గుండె, కిడ్నీ, కప్ప బొమ్మలు వేసి పెడుతోంది. ఆ పనిలో ఎవరూ తప్పు పట్టరు సార్ అని ఒకసారి నవ్వుతూ చెప్పింది. నా జాబితా మాత్రం ప్రతి నెలా చదువుతుంది, అందరికంటే ముందు.

ఇన్నేళ్ళు దాచినవాణ్ణి ఇప్పుడెందుకు చెబుతున్నాను? పోయిన నెల ఒంగోలు నుంచి ఒక టీచరుగారు తన బొమ్మల కథ తీసుకొచ్చారు. నాలుగు పేజీలు అక్కర్లేదని నాకనిపించింది, చెప్పాను. ఈసారి రెండుసార్లు కాదు, మూడుసార్లు చదివే చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. ఆ నాలుగు పేజీల కోసమే కథంతా గీశానని గట్టిగానే వాదించారు. నాకు ముచ్చటేసింది. అప్పుడు వెనకనుంచి మణి లేచింది. ఎన్నడూ నోరు విప్పని పిల్ల అందరి ముందూ ఆయనతో మాట్లాడింది. సార్ చూపించారంటే అక్కడ ఏదో ఉండే ఉంటుందనీ, తాను కూడా ఒకప్పుడు బాధపడి తీసేశాననీ, ఇష్టమైన పేజీ దగ్గరే మన కళ్ళు మూసుకుపోతాయని అప్పుడే నేర్చుకున్నాననీ చెప్పింది. ఆయన మెత్తబడ్డారు. పెన్సిలు తీసి నాలుగు పేజీల మీదా అడ్డంగా గీతలు కొట్టారు.

నేను చూస్తూ కూర్చున్నాను. ఆ నాలుగు పేజీల గురించి నేనన్నది సరైనదే కావచ్చు, కాకపోవచ్చు. కానీ ఆయన కొట్టేసింది నా అబద్ధాన్ని నమ్మి. ఆమె దాన్ని పాఠమనుకుని ఆరేళ్ళు దాచుకుని, ఇప్పుడు ఇంకొకరికి చెప్పింది.

మెట్లు దిగుతూ చిన్నమ్మ ఎలా ఉన్నారని అడిగాను. షుగరు వల్ల చూపు బాగా తగ్గిందట. మొహాలు పోల్చుకుంటుంది గానీ బొమ్మలు అవీ కనబడవు సార్ అని చెప్పి బస్సు కోసం వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆ పుస్తకం వచ్చినా చదవాల్సిన మనిషి ఇక చదవలేదు. దీన్ని నేనెలా సరిచేస్తాను? ఏ మార్గం కనబడడం లేదు.

క్షమించమని అడగడానికి ఇది రాయడం లేదు. అడిగితే ఆమె క్షమించేస్తుంది, ఆ భయం కూడా ఉంది. అలాంటి మనిషి. ఈ నెల జాబితాలో పుస్తకాలేవీ లేవు. ఇదే ఉంది. మీకు చేరేసరికి ఆమె చదివేసి ఉంటుంది. టీచరుగారికి విడిగా ఫోన్ చేసి చెప్పాను, గీతలు చెరిపేసి మళ్ళీ ఆలోచించుకోమని. ఎందుకని అడిగారు. ఆయనకీ ఇదే పంపిస్తానన్నాను.

మణీ, ఆ పేజీలో ఏ తప్పూ లేదమ్మా. దాన్ని పోగొట్టుకుని నీ కథ చదివాను. దొరికాక, కథంతా అర్థమయ్యాక, తెలిసే నీతో తీయించాను. ఇంత చెప్పాక నా ఊపిరి నాకు ఆడుతోంది. నీకు ఎలా ఉంటుందో నాకు తెలియదు.