సర్దారు కొడుకు కట్టుకున్న ఫెన్సింగ్

2021 వేసవి, కరోనా రెండో అల. గోదావరిఖనిలో ఒక దవాఖాన, పిల్లల వార్డు. మగ నర్సును అక్కడ ‘బ్రదర్’ అంటారు. పిల్లలకు మాత్రం నేను కాకను. రక్తం ఎక్కించే సన్నగొట్టాన్ని కాన్యులా అంటాం. ఎంత సన్నని నరంలోకైనా దాన్ని కళ్ళు మూసుకొని దించేవాణ్ణి. సరే, కళ్ళు తెరిచే. రెండోసారికి దొరికేది.

మానసకు ఎనిమిదేళ్లు. తలసేమియా, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు, నెలనెలా ఎక్కించాలి. తోడుగా వాళ్ళన్న అభి వచ్చేవాడు, పదేళ్లవాడు. సూది గుచ్చేటప్పుడు చెల్లెలికి కోతిమొహాలు పెట్టి చూపించేవాడు. ఆ నెల తల్లి లక్ష్మి ఒక్కతే పిల్లను తెచ్చింది.

“ఏడే మీ కోతి?”

“బయటికి రాడు కాక.”

“మరి నీకు భయమైతలేదా?”

“నాకెందుకు? మాస్కు, ఇంట్లనే ఉండుడు, ఎవ్వల్ని ముట్టకుండుడు నాకెప్పటిదే. ఇప్పుడు అందరు నాలెక్కనే అయిన్రు,” అని నవ్వింది మానస.

లక్ష్మి నవ్వలేదు. అభి ఒక పొద్దున దగ్గాడట. వెంటనే వెనక గదిలోకి పోయి, గుమ్మానికి అడ్డంగా రెండు కట్టెలు ఇంటూ గుర్తులా కట్టుకున్నాడు. వాళ్ళ నాన్న రాజేశం బొగ్గుబాయిలో మైనింగ్ సర్దార్. కార్మికులు పనిలోకి దిగేముందు గ్యాస్, పైకప్పు చూసే మనిషి. ప్రమాదమున్న చోట అలా కట్టెలు కట్టడాన్ని ఫెన్సింగ్ అంటారు. సర్దార్ చూసి తీసేదాకా ఎవరూ దాటకూడదు.

“టెస్టు చేయించినం, ఏం లేదని వచ్చింది. అయినా వస్తలేడు బ్రదర్. ‘నీతోని చెల్లెకు అంటుకుంటే అది బతకదురా’ అని నేనే అన్న. ఇంటికొచ్చినోళ్ళందరు గదే అన్నరు,” అంది లక్ష్మి.

నేను వెళ్ళి, వాణ్ణి నవ్వించి, కట్టెలు నా చేత్తో విప్పానని ఈ సంగతి ఎత్తినప్పుడల్లా చెబుతుంటాను. వినేవాళ్ళకు ఎంతో బాగుంటుంది. కట్టెలు నేను విప్పలేదు.

వెళ్ళిన మాట నిజం. డ్యూటీ దిగి వాళ్ళ క్వార్టర్‌కు పోయి, గుమ్మానికి దూరంగా కూర్చుని, వాడి కోతిమొహాలన్నీ వాడికే పెట్టి చూపించాను. వాడు గోడవైపు తిరిగాడు. రాజేశానికి ఓపిక పోయింది.

“అరే, సర్దార్‌ను నేనే కదరా! చూసిన. గ్యాస్ లేదు. తీస్తున్న.”

“వద్దు బాపూ! గ్యాస్ కండ్లకు కనపడదని నువ్వే చెప్పినవ్.”

రాజేశం చెయ్యి కట్టె మీదే ఆగిపోయింది. మానస అన్నం కంచాన్ని కట్టెల కిందనుంచి లోపలికి జరిపింది. ఆమె వెనక్కి పోయేదాకా వాడు ముట్టలేదు.

“కాక, నాకైతే రక్తం పెడతవ్. అన్నకేం పెడతవ్?”



బడులు తెరిచాక వాడు బయటికి రాక తప్పలేదు. ఇప్పటికీ చెల్లెలి పక్కన కూర్చోడట. దగ్గు వస్తే వీధిలోకి పరుగెడతాడట. మానసకు వార్డులో ఒక మంచం ఉంది, పేరున్న జబ్బు ఉంది. అభికి ఏ జబ్బూ లేదన్న రిపోర్టు ఒక్కటే ఉంది. దాన్ని చూసి మేమందరం నిమ్మళపడ్డాం. ‘ఎట్లున్నవ్ బిడ్డా’ అని మంచం మీది పిల్లనే కాదు, పక్కన నిలబడ్డవాణ్ణి కూడా అడగాలని నాకు తెలిసొచ్చేసరికి, అడగడానికి వార్డు లేదు. రిటైరయ్యాను.