తోడు ఎవరొచ్చినారు?

విజయనగరం నుంచి మైపాడు దగ్గర రొయ్యపిల్లల హేచరీలో ఉద్యోగానికి వచ్చిన కొన్నాళ్లకు, మైక్రోస్కోపు మీదకు వంగీ వంగీ నా మెడ పట్టేసింది. ఆక్యుపంక్చర్ చేయించుకోమని ఎవరో చెబితే నెల్లూరు వెళ్లాను. నేను ఇంజెక్షన్‌కే భయపడే మనిషిని.

డాక్టరమ్మ వెంట్రుకంత సన్నని సూదులు చూపించింది. "వీటిలో మందేమీ ఉండదు. చీమ కుట్టినట్టుంటుంది, తర్వాత కొంచెం బరువుగా అనిపిస్తుంది. కదలకుండా బోర్లా పడుకోమ్మా. తోడు ఎవరొచ్చినారు?"

"ఎవరూ లేరండీ" అన్నాను. మంచం ఎక్కి బోర్లా పడుకున్నాను.

పక్క మంచం మీద ఓ ముస్లిం పెద్దావిడ మోకాళ్లకు సూదులతో పడుకుని ఉంది. చుట్టూ ఇద్దరు కూతుళ్లు, కోడలు.

"ఆసుపత్రికి ఎవరన్నా ఒంటరిగా వస్తారా అమ్మా?" అని నన్ను కసిరి, కోడలి వైపు తిరిగింది. "నువ్వు పోయి ఆ బిడ్డ కాడ కూర్చో."

ఆ కోడలు స్టూలు లాక్కొచ్చి నా పక్కన కూర్చుంది. మెడలో సూది దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. నిజంగానే చీమ కుట్టినట్టే ఉంది. అయినా నా కళ్లల్లో నీళ్లు ఆగలేదు.

"నొప్పిగా ఉందా అక్కా?"

"లేదు" అన్నాను.

ఈ ప్రాంతానికి వచ్చాక ఒక మనిషి నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలని ఆమెకు ఎలా చెప్పను?